అరవై ఇద్దరు నీలం నర్సులు

గోదాం పైన గది,
సోమవారం

బావకి,

ఫోన్ చేస్తే "కస్టమర్లున్నారు" అని పెట్టేస్తున్నావు. మెసేజ్ పెడితే ఆ మెరిసే అక్షరాలు నీకు పడవంటావు. సరే, నీ కాలానికి తగ్గట్టు కాగితమూ కలమూ పట్టుకున్నాను. ఇది కూడా నచ్చకపోతే చెప్పు, రాతి మీద చెక్కి పంపిస్తాను.

స్టూడియో వదిలి నాలుగు నెలలైంది. పదకొండేళ్ళు నీ దగ్గర లైట్లు మోసి, "గడ్డం కొంచెం దించండమ్మా" అని అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నవాణ్ణి. చివరి రోజు ఏమన్నాను? "అద్దం లేని కెమెరా కొనకపోతే మన స్టూడియో మ్యూజియం అయిపోతుంది" అన్నాను. "అయితే నువ్వు టిక్కెట్టు డబ్బులు వెనక్కి అడక్కుండా బయటికి నడువు" అన్నావు. ఆ జోకు నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చలేదు.

ఈ పార్సిల్లో ఉన్నది ఆ అద్దం లేని కెమెరాయే. కరవదు. నేను ఇంకోటి కొనుక్కున్నాను కాబట్టి ఇది ఊరికే పడుంది. నీకు అర్థమయ్యేలా చెప్తాను. నీ పాత పెట్టెలో లెన్సులోంచి వచ్చిన వెలుతురు ముందు అద్దం మీద పడి, అక్కణ్ణుంచి పైకి తిరిగి నీ కంట్లోకి వస్తుంది. బటన్ నొక్కగానే అద్దం టక్కున పైకి లేస్తుంది, అప్పుడు ఫోటో పడుతుంది. దీంట్లో ఆ అద్దం లేదు. వెలుతురు తిన్నగా ఫోటో పట్టే సెన్సర్ మీద పడుతుంది, సెన్సర్ చూసింది లోపలున్న బుల్లి తెర మీద నీకు కనిపిస్తుంది. అంతే తేడా. ఇంత చిన్న అద్దం కోసం మనిద్దరం ముఖాలు తిప్పేసుకున్నాం.

ఇంకో సంగతి. ఇది ఎదుటి మనిషి కన్ను ఎక్కడుందో తనే వెతుక్కుని ఫోకస్ పెట్టుకుంటుంది. నువ్వు కళ్ళు చికిలించి తిప్పుకోనక్కర్లేదు. ఒక నెల వాడి చూడు. తర్వాత తిట్టు, ఎలాగూ తిడతావు.

ఇక్కడ నాకు క్షణం తీరిక లేదు. ఫ్యాషన్ ఫోటోలు. పొద్దున్నుంచీ మోడళ్ళే మోడళ్ళు.

ఇట్లు,
మ్యూజియం నుంచి పారిపోయినవాడు

*

స్టూడియో, ముందు గది,
శుక్రవారం

మహా ఘనత వహించిన బావమరిది గారి సముఖానికి,

ఇది మీ అక్క చేతిరాత. చెప్తున్నది నేను. నా కళ్ళజోడు ఎక్కడో పెట్టి మర్చిపోయాను. (కళ్ళజోడు ఆయన ముక్కు మీదే ఉంది - అక్క.)

నీ పార్సిల్ అందింది. విప్పి చూసి, ఇది కెమెరానా, కెమెరా పెట్టుకునే డబ్బానా అని కాసేపు తేల్చుకోలేకపోయాను. అరచేతిలో పట్టేస్తోంది. నేను కస్టమర్ ముందు ఇది తీస్తే, "అసలు కెమెరా ఎప్పుడు తెస్తారండీ" అని అడుగుతారు.

లోపల కన్ను పెడితే టీవీ. ఒరేయ్, మనిషి ఎదురుగా కుర్చీలో కూర్చునుంటే నేను టీవీలో ఎందుకు చూడాలి? నా పెట్టెలో నేను చూసేది అసలు వెలుతురు. ఎదుటి మనిషి ముఖం మీద పడి, తిన్నగా నా కంట్లోకి వచ్చిన వెలుతురు. మధ్యలో ఏ కంపెనీ వాడి వ్యాఖ్యానమూ లేదు.

ఇంకోటి విను. బటన్ నొక్కినప్పుడు నా అద్దం పైకి లేస్తుంది కదా, ఆ రెప్పపాటు నాకు చీకటి. ఏ క్షణం ఫోటో అయ్యిందో సరిగ్గా ఆ క్షణం తీసినవాడికి కనపడదు. దాన్ని నమ్మకం అంటారు. నీ తరానికి అన్నీ కనపడాలి, అందుకే మీ ఫోటోల్లో ఏమీ కనపడదు.

బ్యాటరీ సంగతి వేరే చెప్పాలా? నాది ఒక్కసారి నింపితే రెండు రోజులు లాగుతుంది. నీది మధ్యాహ్నానికల్లా నాలుక బయటపెట్టింది. లెన్సు తీస్తే లోపల సెన్సర్ నగ్నంగా కనిపిస్తోంది, దుమ్ము పడదా? సిగ్గు లేని యంత్రం.

వచ్చే వారం నర్సింగ్ స్కూల్లో గ్రూప్ ఫోటో. ఇరవై రెండేళ్ళుగా నాకే ఇస్తున్నారు. సరదాకి నీ డబ్బాతో తీసి, నీ పరువు ఎలా తీస్తుందో చూపిస్తాను.

ఇట్లు,
మ్యూజియం యజమాని

తా.క. తమ్ముడూ, ఆయన టీకి లేచారు, తొందరగా రాస్తున్నాను. ఆయన కుడి కంట్లో శుక్లం ముదిరింది. ఎడమ కంట్లో మొదలైందట. కళ్ళద్దాలు మార్చుకోవడానికి వెళ్తే డాక్టరు చూసి, ఆపరేషన్ చేసేద్దాం, ఆలస్యమైతే కష్టమవుతుంది అన్నాడు. "ఫోటోగ్రాఫర్ కంటి మీద కత్తి పెడతావా" అని డాక్టర్ని కసిరి వచ్చేశారు. కుడి కన్నే కదా ఆయన కెమెరాకి ఆనించేది. నీ ఉత్తరం కూడా నేనే చదివి వినిపించాను. ఎలారా?

*

గోదాం పైన గది,
గురువారం

బావా,

అక్క చదువుతోందనుకుంటాను. నీ కళ్ళజోడు దొరికిందా? దొరక్కపోతే ముక్కు మీద తడిమి చూడు.

అసలు వెలుతురు అన్నావు. ఒప్పుకుంటున్నాను, చాలా పవిత్రమైన వెలుతురు. కానీ నువ్వు చూసిన వెలుతురూ, ఫోటోలో పడిన వెలుతురూ ఒకటేనా? ఎన్నిసార్లు తీసి, వెనక తిప్పి చూసుకుని, "అబ్బ, నల్లగా వచ్చింది" అని మళ్ళీ తీశావు? నేను పంపిన దాంట్లో ఫోటో ఎలా రాబోతోందో తీయకముందే కనిపిస్తుంది. తీశాక నాలుక కరుచుకునే పని లేదు.

వీడియో సంగతి అడుగుతాను, కోప్పడకు. నువ్వు మీ స్కూలు వార్షికోత్సవాలు వీడియో తీసేటప్పుడు నీ పెట్టెలో ఆ అద్దం ఏం చేస్తుంది? పైకి మడుచుకుని పడుకుంటుంది. నీ కన్ను పెట్టుకునే రంధ్రంలో చీకటి. వెనకున్న తెర చూసే కదా తీస్తావు? అంటే వీడియో తీసినంతసేపూ నీదీ అద్దం లేని కెమెరాయే. ఇన్నాళ్ళూ చెప్పలేదు, మనసు కష్టపెట్టుకుంటావని.

నర్సుల ఫోటో తీశాక కెమెరాలోని మెమరీ కార్డు నాకు పంపు. కంప్యూటర్లో రంగు దిద్దినవి వేరుగా, దిద్దనివి వేరుగా. మీ నైపుణ్యం చూసి తరించాలని కోరిక.

ఇట్లు,
బావమరిది

అక్కా, పైన సంతకం దగ్గర ఆపి కాగితం మడిచెయ్. ఇది నీకు. ఈ నాలుగు నెలల్లో స్టూడియోలోంచి వెళ్ళిన ఫోటోల్లో రంగు ఎలా ఉంటోంది? నీలం ఎక్కువగా ఉంటోందా? ఎందుకు అడుగుతున్నానో నన్నడక్కు.

*

స్టూడియో, వెనక గది,
మంగళవారం

ఒరేయ్ దుర్మార్గుడా,

సంబోధన నాది, మీ అక్క రాయనంది. రాయించాను.

నర్సుల ఫోటో అయ్యింది. నా పరువూ అయ్యింది. వివరంగా చెప్తాను, కుర్చీలో కూర్చుని విను.

అరవై ఇద్దరు అమ్మాయిలు, తెల్ల యూనిఫారాలు, నాలుగు వరుసలు. మధ్యలో ప్రిన్సిపాల్ మేడం. నీ డబ్బా పట్టుకుని "రెడీ" అన్నాను. నొక్కాను. చప్పుడు లేదు. మళ్ళీ నొక్కాను. లేదు. అమ్మాయిలందరూ ఊపిరి బిగబట్టి, నవ్వు బిగబట్టి, నా టక్కు కోసం చూస్తున్నారు. ఇరవై రెండేళ్ళుగా ఆ స్కూలు గోడలకు కూడా తెలుసు, టక్ మంటే అయిపోయినట్టు. వెనక వరసలో ఒకమ్మాయి ముఖం ఎర్రబడిపోయింది. చివరికి మేడం పళ్ళ సందుల్లోంచి "అయ్యిందా?" అంది. అప్పటికి పదకొండు పడ్డాయట.

తర్వాత మేడం ఉపన్యాసం వీడియో. ఇరవై నిమిషాలకి నీ కెమెరా వేడెక్కి ఆగిపోయింది. ఉపన్యాసం మాత్రం ఆగలేదు. ఆ ఒక్క విషయంలో నీ కెమెరాకి బుద్ధుందని ఒప్పుకుంటాను.

అసలు ఘోరం ఇది. నేనే కూర్చుని శ్రద్ధగా రంగులు దిద్ది, పెద్ద సైజులో వేయించి పట్టుకెళ్ళాను. మేడం చూసింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసింది. "మాస్టారూ, మా పిల్లలందరూ ఎందుకు నీలంగా ఉన్నారు?" అంది. అరవై ఇద్దరూ మంచులో నిలబెట్టి తీసినట్టున్నారట! నాకు మటుకు శుభ్రంగా తెల్లగా ఉంది. నీ కెమెరా చేసిన పని కాకపోతే ఏంటి? ముప్పై నాలుగేళ్ళలో నా ఫోటో వెనక్కి రావడం ఇదే మొదలు. పైగా అందరి ముందూ, "ఒకసారి కళ్ళు చూపించుకోండి మాస్టారూ" అంది. తల తీసేసినట్టయింది.

నెలన్నరలో ఆ పిల్లలు సర్టిఫికెట్లు తీసుకుని వెళ్ళిపోతారు. ఈలోగా మళ్ళీ తీసి మంచిది ఇస్తేనే, లేకపోతే బస్టాపు దగ్గర కొత్త స్టూడియో వాడికి ఇచ్చేస్తానంది. ఇరవై రెండేళ్ళ పని!

నీ డబ్బా చేసిన నేరానికి సాక్ష్యంగా కార్డు పంపుతున్నాను. చూసి సిగ్గుపడు.

ఇట్లు,
నీ వల్ల నవ్వులపాలైనవాడు

తా.క. నువ్వడిగావుగా. అవును, అన్నీ నీలమే. నేను రెండుసార్లు అన్నాను, "నీకేం తెలుసు, వంటింట్లో ట్యూబ్ లైటు కింద చూస్తావు" అన్నారు. నువ్వు ముందే ఎలా కనిపెట్టావు?

*

గోదాం పైన గది,
ఆదివారం

బావా,

అక్కా, ఈసారి ఏదీ దాచకు. చివరిదాకా గట్టిగా చదువు.

కార్డు చూశాను. నీ సాక్షి ఎదురు తిరిగింది బావా. దిద్దని ఫోటోలో నర్సులు తెల్లగా ఉన్నారు. మల్లెపూలలా ఉన్నారు. వెనకున్న ఆ ఎర్రబడ్డ అమ్మాయి తప్ప అందరూ సహజంగా ఉన్నారు. దిద్దిన ఫోటోలో అరవై ఇద్దరికీ రక్తం ఆగిపోయింది. మధ్యలో జరిగింది ఒక్కటే, నువ్వు.

రెండూ ఒకే సైజులో వేయించి పంపుతున్నాను. వెనక ఒకటి, రెండు అని రాశాను. గుమ్మంలో పగటి వెలుతురులో పక్కపక్కన పెట్టుకుని చూడు. కెమెరాని తిట్టే ముందు.

నేను తిన్నగా చెప్తాను. తప్పు నీ కుడి కంటిది. శుక్లం పట్టిన కంటికి తెలుపు పసుపుగా కనిపిస్తుంది. ఆ పసుపు పోగొట్టాలని నువ్వు నీలం కలుపుతున్నావు. నీకు తెల్లబడేసరికి లోకానికి నీలమైపోతోంది. నీ చెయ్యి గొప్పదే, నీ రంగుల జ్ఞానం గొప్పదే. ఆ గొప్ప చేత్తోనే కచ్చితంగా, శాస్త్రీయంగా జనాన్ని ముంచి తీస్తున్నావు.

ఆపరేషన్ అంటే కత్తి కాదు బావా. లోపల మసకబారిన లెన్సు తీసేసి కొత్త లెన్సు పెడతారు. ముప్పై నాలుగేళ్ళుగా నువ్వు రోజుకి ఇరవైసార్లు చేసే పనే. బాడీ అదే ఉంటుంది. పాత లెన్సులో బూజు పడితే నువ్వేం చేసేవాడివి? దాన్ని సమర్థిస్తూ ఉపన్యాసమిచ్చేవాడివా?

కెమెరాలమీద ఎంతైనా పోట్లాడదాం, నాకు సరదా. కానీ ఆ కన్ను పోతే నువ్వు ఏ కెమెరాకి ఆనిస్తావు? నాకు భయంగా ఉంది. నవ్వుకో, పర్లేదు. భయంగా ఉంది.

నీ
బావమరిది

*

స్టూడియో,
బుధవారం

ఇది నేనే రాస్తున్నాను. వరసలు వంకరగా ఉంటే కాగితం వంకర.

నా కంటికి పేరు పెట్టేంతవాడివయ్యావు. తెలుపు అంటే ఏంటో, నీడలో తెలుపు వేరు ఎండలో తెలుపు వేరు అని నీకు నేర్పింది ఈ కన్నే. నాలుగు నెలలు బయట తిరిగేసరికి డాక్టరువి కూడా అయ్యావు. ఫ్యాషన్ ఫోటోలు తీసుకో. మోడళ్ళ కళ్ళు పరీక్ష చెయ్.

నీ కెమెరా తిప్పి పంపుతున్నాను. నీ ఫోటోలు నేను చూడలేదు, చూడను.

ఇంక నాకు రాయకు.

*

ఇల్లు, వంటింటి బల్ల,
శనివారం

తమ్ముడూ,

కెమెరా పోస్టులో వేసి రమ్మన్నారు. బీరువాలో దుప్పట్ల కింద పెట్టి, వేసేశానని చెప్పాను. నువ్వు కంగారు పడకు.

"చూడను" అన్నవాళ్ళు ఏం చేశారో చెప్తాను. నేను బట్టలు ఆరేసుకుని వస్తుంటే, స్టూడియో గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చున్నారు. రెండు ఫోటోలూ చెరో మోకాలి మీద. నేను కనపడకుండా తలుపు పక్కనే ఆగాను. కుడి కన్ను మూసి చూశారు. ఎడమ కన్ను మూసి చూశారు. ఫోటోలు అటుదిటు మార్చి మళ్ళీ చూశారు. ఎక్స్‌పోజర్ చూసుకున్నట్టు, తొందర లేకుండా, పది పదిహేనుసార్లు. తర్వాత నేను తలుపు పక్కనున్నట్టు ముందే తెలుసేమో, తల తిప్పకుండానే అడిగారు.

"రెండిట్లో ఏది తెలుపు?"

"ఎడమ మోకాలి మీదది" అన్నాను.

"నా కుడి కంటికి రెండోదే తెల్లగా ఉంది" అన్నారు. "ఎడమ కన్నుతో చూస్తే అదే నీలంగా ఉంది. రెండు కళ్ళూ రెండు రంగులు చెప్తున్నాయే. ఇందులో ఏ కంటి మాట నమ్మాలి?"

పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన నన్ను రంగు గురించి అడగడం ఇదే మొదటిసారి. పక్కన కూర్చున్నాను. కాసేపటికి ఆయనే, "ఎంతమందికి ఇచ్చుంటాను ఇలాంటివి" అన్నారు. అప్పుడు ఏడ్చారు. నీకు చెప్పొద్దన్నారు, అందుకే రాస్తున్నాను.

మర్నాడు పొద్దున్నే తనంతట తనే ఆసుపత్రికి బయల్దేరారు. పాపం ఆ డాక్టరు! "నాకు పెట్టే లెన్సు ఏ కంపెనీది? ఎన్ని ఎం.ఎం.? అంచుల్లో మసక వస్తుందా? మధ్యలో పెట్టేటప్పుడు దుమ్ము పడదు కదా?" అని అరగంట. డాక్టరు ఓపిగ్గా అన్నీ చెప్పి, చివరికి "జూమ్ మాత్రం ఉండదండీ" అన్నాడు. వచ్చే సోమవారం ఆపరేషన్.

నీ మోడళ్ళ సంగతి కూడా ఒకసారి రాయి. నీ ఫోటో ఒక్కటీ పంపలేదు ఇంతవరకూ. నేను మీ అక్కని, గుర్తుంది కదా?

అక్క

*

స్టూడియో, కిటికీ పక్క,
ఆదివారం

బావమరిదికి,

నా చేతిరాతే. ఈసారి కాగితం వంకరగా లేదు.

కట్టు విప్పగానే మొదట కనబడింది నర్సు గౌను. ఒరేయ్, తెలుపు అంత తెల్లగా ఉంటుందా? అంత దౌర్జన్యంగా? కాసేపు తలతిప్పేసుకున్నాను. బయటికొస్తే ఆకాశం ఎవడో అతిగా దిద్దినట్టుంది. ఇంటికొచ్చి చూద్దును కదా, వంటింటి గోడ ఎప్పుడు మసిబారిందో, మీ అక్క జుట్టు ఎప్పుడు నెరిసిందో. "ఎప్పట్నుంచి?" అన్నాను. "మీరు అద్దం గురించి పోట్లాడుతున్నప్పట్నుంచి" అంది. నా ముఖం కూడా చూసుకున్నాను. ఆ సంగతి వదిలేద్దాం.

తర్వాత కూర్చుని ఈ ఐదారు నెలల ఫోటోలన్నీ తీశాను. చంటిపిల్లాడొకడు నీళ్ళలోంచి తీసినట్టున్నాడు. ఆ రిటైరైన పోస్ట్‌మాన్ గారు, సన్మానానికి ఫ్రేము కట్టించుకున్నారే, ఆయన పెదాలు నేరేడు పండ్లు. ఒక్కరూ నోరు తెరవలేదు. "బాగుందండీ" అని తీసుకెళ్ళిపోయారు. నా చుట్టూ ఇంతమంది మర్యాదస్తులున్నారని తెలీదు. అందరికీ కబురు పెట్టాను, మళ్ళీ వేసిస్తానని.

అయితే ఒకటి అర్థం కాలేదు. నువ్వున్నప్పటి ఫోటోలన్నీ బాగున్నాయి. నువ్వెళ్ళిన వారం నుంచే నీలం మొదలు. శుక్లం నువ్వెళ్ళేదాకా ఆగి, బస్సెక్కించి వచ్చి పట్టిందా?

కంప్యూటర్లో "చిల్లర" అని నువ్వు పెట్టిన ఫోల్డరు తెరిచాను. చెత్త అనుకుని ఎప్పుడూ చూడలేదు. అందులో నేను దిద్దిన ప్రతి ఫోటోకీ ఇంకో కాపీ. నీలం తీసేసినది. ల్యాబ్‌కి వెళ్ళింది అదే. తేదీలు చూశాను. పదమూడు నెలలు!

దొంగా. పదమూడు నెలలు నా పక్క స్టూలు మీద కూర్చుని, నా టీ తాగుతూ, నేను పొగడ్తలు అందుకుంటుంటే చూస్తూ కూర్చున్నావు. ఒక్క మాట ఎందుకు చెప్పలేదు?

జవాబు రాయి. జోకులొద్దు.

బావ

*

గోదాం పైన గది,
బుధవారం

బావా,

జోకులొద్దన్నావు, కాబట్టి నా దగ్గర మాటలు కూడా తక్కువే ఉన్నాయి.

మొదట కనిపెట్టింది ఆ లెక్కల మాస్టారి తెల్ల చొక్కాలో. "బావా, కొంచెం నీలం ఎక్కువైందేమో" అన్నాను. నీకు గుర్తుండదు. "నీకు రంగు నేర్పింది నేను రా" అన్నావు. నిజమే కదా. నోరు మూసుకున్నాను. సాయంత్రం నువ్వు టీకి వెళ్ళినప్పుడు దిద్దేశాను. ఆ ఒక్కసారికే అనుకున్నాను. మర్నాడు ఇంకోటి. తర్వాత అదే అలవాటైంది.

నీకు సాయం చేస్తున్నానని నన్ను నేను మెచ్చుకునేవాణ్ణి. పది నెలలు పోయాక బుర్రకెక్కింది. నేను దిద్దినన్నాళ్ళూ నీకు తెలీదు. తెలియనన్నాళ్ళూ నువ్వు డాక్టరు గడప తొక్కవు. నీ కంట్లో శుక్లాన్ని దగ్గరుండి ముదరబెట్టింది నేనే. అప్పుడైనా చెప్పాలి. చెప్పలేకపోయాను. నువ్వు చిన్నబుచ్చుకున్న ముఖం చూసే ధైర్యం నాకు లేకపోయింది. అందుకని కెమెరా మీద గొడవ పెట్టుకుని పారిపోయాను. నేను వెళ్ళిపోతే నీలం బయటపడుతుంది, ఎవరో ఒకరు చెప్తారు అనుకున్నాను. మర్యాదస్తులు చెప్పలేదు. నేను కూడా ఆ మర్యాదస్తుల్లో ఒకణ్ణే. ఆ కెమెరా పంపింది కూడా నీ కన్ను చేయలేని పని అదైనా చేస్తుందని. తప్పే. క్షమించు.

అక్క అడిగింది కాబట్టి ఇదీ చెప్తాను. మోడళ్ళంటే చెప్పులు. కింద గోదాంలో చెప్పుల కంపెనీ వాళ్ళ సరుకు. తెల్ల బల్ల మీద పెట్టి రోజుకి రెండు వందల ఫోటోలు. ఎడమకాలి చెప్పులు మాత్రమే, కుడివి పంపరు. ఇంకో కెమెరా కొనుక్కున్నానన్నదీ అబద్ధమే, వాళ్ళ కెమెరాతోనే తీస్తున్నాను. ఐదు నెలలుగా ఒక్క మనిషి ముఖానికి కూడా "గడ్డం దించండమ్మా" అనలేదు.

బావమరిది

*

స్టూడియో, ముందు గది,
శుక్రవారం

ఎడమకాలి చెప్పుల ఫోటోగ్రాఫర్ గారికి,

నీ ఉత్తరం చదివాను. దాని గురించి తర్వాత మాట్లాడతాను.

నర్సుల ఫోటో మళ్ళీ తీశాను. నా పాత పెట్టెతో ఆరు, నీ డబ్బాతో ఆరు. (అది మీ అక్క దుప్పట్ల కింద గుడ్లు పొదుగుతోందని ఇప్పుడే తెలిసింది.) దాని మూగతనం పోగొట్టడానికి టక్ మనే శబ్దం పెట్టుకునే వీలుందట, మెనూలో వెతుక్కుంటే దొరికింది. ముందే చెప్పి చావొచ్చు కదరా! టక్ మంటే అమ్మాయిలందరూ హమ్మయ్య అన్నారు. రెండిటి ఫోటోలూ మేడం ముందు పరిచాను. ఏది దేంతో తీసిందో ఆవిడకి తెలీలేదు, మీ అక్కకి తెలీలేదు. నిజం చెప్పాలంటే వెనక నంబరు చూడకపోతే నాకూ తెలీదు. మనం ముఖాలు తిప్పుకున్న సంగతి ఇంకెవరికీ చెప్పకు, నవ్వుతారు.

మేడం ఒకటి ఎంచుకుంది. దాని కాపీ ఇందులో పెట్టాను. నేనే దిద్దాను, కొత్త కంటితో. నా జన్మలో ఇంత బాగా దిద్దలేదు. చూసి ఎలా ఉందో రాయి.

బావ

*

గోదాం పైన గది,
సోమవారం

బావా,

ఫోటో అందింది. రెండు రోజులు బల్ల మీద పెట్టుకుని చూశాను. పగలు చూశాను, లైటు కింద చూశాను. చెప్పుల కంపెనీ వాళ్ళ తెల్ల కాగితం పక్కన పెట్టి కూడా చూశాను. "అద్భుతం బావా" అని ఒక ఉత్తరం రాసి చింపేశాను.

నీలంగా ఉంది బావా. ముందంత కాదు, కానీ ఉంది. మూడో వరసలో కుడివైపు బాగా తెలుస్తోంది. ఆపరేషన్ చేసిన డాక్టరు దగ్గరికి రేపే వెళ్ళు. ఆ ఫోటో మేడంకి ఇవ్వకు. కోప్పడు, తిట్టు, మళ్ళీ రాయొద్దను. నేను మాత్రం రాస్తాను.

బావమరిది

*

స్టూడియో,
గురువారం

ఒరేయ్,

నా కన్ను నిక్షేపంలా ఉంది. మేడం దగ్గరున్న ఫోటో పాలలా తెల్లగా ఉంది, స్కూలు వరండాలో వేలాడదీశారు. నీకు పంపిన దాంట్లో నీలం నేనే కలిపాను. కావాలని కలిపాను. మూడో వరస కుడివైపు ఇంకొంచెం ఎక్కువ వేశాను, చూస్తావో లేదో అని. రోజూ పోస్ట్‌మాన్ కోసం గుమ్మంలో నిలబడ్డాను. "అద్భుతం బావా" అని వస్తే ఇంక నీకు రాయకూడదనుకున్నాను.

ఎడమ కంటికి వచ్చే నెల ఆపరేషన్. ఈలోగా నేను దిద్దిన వాటిని ఎవరో ఒకరు పక్కన కూర్చుని చూడాలి. నీ స్టూలు ఖాళీగానే ఉంది, మీ అక్క దాని మీద బట్టలు పెడుతోంది. ఆ చిల్లర ఫోల్డరు తీసేశాను. ఇక మీదట దిద్దేది ఏదైనా నా ఎదురుగా దిద్దు.

బావ